నలభై రెండు నిమిషాల ఆలస్యం

ఈ ఏడాది ఫిబ్రవరి 4, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు రాజమండ్రిలో మా ఇంటి ముందు కారు కదిలింది. నడుపుతున్నది నా మనవరాలు సమత. పక్క సీట్లో నేను. నా ఒళ్లో ఒక సంచి, అందులో అంచులకు పసుపు రాసిన శుభలేఖలు, మా అమ్మ వాడిన వెండి కుంకుమ భరిణె. మంగళవారం పూట పిలుపులకు వెళ్లడమేమిటని కోడలు ముందురోజు రాత్రి దాకా నసుగుతూనే ఉంది. ఆ రోజే వెళదామని పట్టుబట్టింది నేనే. డెబ్బై అయిదేళ్ల వయసులో ఆ మాత్రం సరదా ఉండాలి.

పెళ్లి సమతది. అదే నెల మూడో వారంలో, తెల్లవారుజామున మూడు గంటల పద్నాలుగు నిమిషాలకు ముహూర్తం. పురోహితుడు, సన్నాయి, జీలకర్ర బెల్లం, ఏదీ తగ్గని పెళ్లి. నాదీ మావారిదీ దండల పెళ్లి. యాభై రెండేళ్ల కిందట ఒక అద్దె హాల్లో, మంత్రం లేకుండా, ముహూర్తం లేకుండా, ఆదివారం పది గంటలకు అని కార్డు వేసి, పదీ నలభై రెండుకు చేసుకున్నాం. దండలు తెచ్చే పూలతను ఆలస్యంగా వచ్చాడు. ట్రెజరీలో ఉద్యోగం చేసిన మనిషిని, ఆ నలభై రెండు నిమిషాలూ ఈనాటికీ మరిచిపోలేదు.

అప్పుడు మాది చిన్న హేతువాద సంఘం. మూడు జంటలు, పెళ్లి చేసుకోని ఎస్తేరు, మొత్తం ఏడుగురం. మూడు జంటల పెళ్లిళ్లూ దండలతోనే అయ్యాయి, చివరిది నాది. ఆ సాయంత్రం అదే హాల్లో నిలబడి ఒక ప్రతిజ్ఞ చేశాం. ముహూర్తం చూసి చేసే పెళ్లికి, ఎవరిదైనా సరే, వెళ్లం. ఎవరికైనా వెళ్లక తప్పకపోతే మిగిలినవాళ్లంతా ఒప్పుకోవాలి.

నేను తప్పలేదు. మొదటి ఏడాదే నా చెల్లెలు పద్మ పెళ్లి వచ్చింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల పందిరి. గదిలో కూర్చుని సన్నాయి విన్నాను గాని వెళ్లలేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం పులిహోర, లడ్డూ విస్తరిలో కట్టి పంపించింది. మా అబ్బాయిది రిజిస్టర్ పెళ్లి గనక ఆ గండం గడిచింది. దేవుడి మీద ఒట్టేసినవాళ్లకు మాట తప్పితే లెంపలేసుకునే సదుపాయం ఉంది. మాకు అది లేదు. మా మాటకు మేమే కాపలా.

సమత సూటిగానే అడిగింది.

"పీటల దగ్గర ఉంటావా, ఉండవా మామ్మా? ఉండకపోతే ఏమీ అనుకోను అని మాత్రం అనను. చాలా అనుకుంటాను."

ఏడుగురిలో మిగిలింది అయిదుగురం. అంటే నాకు నాలుగు ఒప్పుకోళ్లు కావాలి. ఆ నలుగురూ గోదావరి కిందికి, సముద్రం దాకా, మూడు ఊళ్లలో ఉన్నారు. ఫోనులో అడిగే విషయం కాదు. పిలుపులు ఎలాగూ మనిషి వెళ్లి బొట్టు పెట్టి చేయాలి. రెండు పనులూ ఒకే దారిలో అవుతాయని బయలుదేరాం.

కడియపులంక

కడియం పూలమార్కెట్టుకు చేరేసరికి మంచు పూర్తిగా విడలేదు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, అక్కడ పూలు బుట్టల్లో కాదు, గోతాల్లో ఉంటాయి. బంతిపూలు బియ్యం బస్తాల్లా ఒకదాని మీద ఒకటి పడేసి ఉంటాయి. ఆ రోజు బంతి కిలో అరవై, మల్లె అయిదు వందల ఎనభై. మల్లెలకు అది కాలం కాదు కాబట్టి బేరం ఆడినా లాభం లేదు. నేను ఆడాను. లాభం లేదు.

దండలు కట్టించే ఆయన మెడలో శిలువ గొలుసు, కొట్టు గోడకు వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. మాకు కుర్చీలు వేసి టీ తెప్పించాడు.

"ముహూర్తం ఎన్నింటికండీ?"

సమత చెప్పింది. నేను ఊరుకోలేకపోయాను.

"మీరు టైముకి తేవాలి. నా పెళ్లికి మీ ఊరతను ముప్పావుగంట లేటు చేశాడు. అప్పటి నుంచీ మీ కడియం వాళ్లంటే నాకు నమ్మకం లేదు."

"ఎన్నేళ్లయిందండీ?"

"యాభై రెండు."

అతను టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "అయితే మా తాత బ్యాచ్ అయ్యుంటుందండి. కానీ ఒకటి చెప్తానండి, ఏమనుకోకండి. పూలోడు లేటవడండీ. ఆయ్. గుడికీ మేమే, చర్చికీ మేమే, పార్టీ మీటింగులకీ మేమే. ఏ టైముకి తెమ్మంటే ఆ టైముకే తెస్తాం. ముందు తెస్తే వాడిపోతాయి, వెనక తెస్తే తంతారు."

"మరి నాకెందుకు లేటయింది?"

"ఆ టైముకే తెమ్మన్నారేమోనండి."

పనికిమాలిన జవాబు అనుకుని లేచాను. రెండు దండలకు అడ్వాన్సు సమత ఫోనులోంచి పోయింది.

రావులపాలెం

దారిలో సమతను అడిగాను, నువ్వు నిజంగా నమ్ముతావా అని. అది స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ కాసేపు ఆలోచించింది.

"మూడింటికి నిద్ర కళ్లతో నాలుగొందలమంది ఒకేసారి మాటలాపి మా ఇద్దరి వంకే చూస్తారు కదా మామ్మా. ఏ నిమిషంలో చూడాలో అందరికీ తెలుస్తుంది. అది నాకిష్టం. దేవుడు కూడా చూస్తున్నాడేమోనని ఒక అనుమానం. అదీ ఇష్టమే."

"అనుమానమంటే నమ్మకం కాదు."

"మీకు అనుమానం కూడా లేదు కదా. అందుకే మీరు పాతకాలం వాళ్లు."

నాస్తికురాలిని పాతకాలం మనిషి అనడం నేను వినడం అదే మొదటిసారి. రావులపాలెం దాకా దాన్నే నములుకుంటూ కూర్చున్నాను.

రావులపాలెంలో సత్యవతి ఇల్లు అరటి మార్కెట్టు వెనకాల. వీధిలోకి అడుగు పెట్టగానే పండిన చక్రకేళి వాసన. రెండు వైపులా గెలలు కట్టిన సైకిళ్లు వస్తుంటే నడిపే మనిషి కనపడడు, గెలలే నడిచి వస్తున్నట్టుంటుంది. సత్యవతి భర్త మా సంఘంలో అందరికంటే పెద్ద గొంతు. పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లోకి వెళ్లగానే ఎదురుగోడ మీద ఆయన ఫోటో, దానికి పూలదండ, కింద ఎర్రబల్బు, అటు లక్ష్మీదేవి, ఇటు వినాయకుడు.

నేను చూడటం సత్యవతి చూసింది. "మా అబ్బాయి పనే. ఆయనకి తెలిస్తే ఫోటోలోంచి దిగొచ్చి ముందా బల్బు పగలగొడతారు."

కొడుకుది అరటి లారీల వ్యాపారం. ప్రతి లారీ ముందూ నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. కాలేజీ చదివే మనవడు మాత్రం నాకు కూల్ డ్రింకు అందిస్తూ గర్వంగా చెప్పాడు.

"నేను నాస్తికుణ్ణండి మామ్మగారూ. తాతయ్య టైపు."

"మరి చేతికి ఆ ఎర్రదారం?"

"అది అమ్మ కట్టిందండి. తీస్తే గొడవండి. నాస్తికత్వం వేరు, అమ్మ వేరు కదండీ."

సమత పకపక నవ్వింది. భోజనానికి అరటిదవ్వ పెరుగుపచ్చడి, ఆవపెట్టిన అరటికాయ కూర. చేయి కడుక్కున్నాక నేను విషయం చెప్పి, ఒప్పుకుంటావా అని అడిగాను. సత్యవతి నావంక జాలిగా చూసింది.

"నువ్వింకా దాన్ని పట్టుకుని ఉన్నావటే? నేను పదకొండు పెళ్లిళ్లకి వెళ్లొచ్చాను."

"మా అనుమతి లేకుండానా?"

"అడిగితే మాష్టారు ఇవ్వరు, నువ్వసలే ఇవ్వవు. అందుకని అడగలేదు."

నాకు కోపం రావాలి. పచ్చడి అంత బాగున్నాక రాలేదు. నేను భరిణె మూత తీసి ఆవిడకు బొట్టు పెట్టాను. కోడలి పుట్టింటివారికి ఇక్కడో అభ్యంతరం ఉంది, భర్త లేనిదాన్ని నేను బొట్టు పెట్టి పిలవకూడదట. మామ్మే పిలుస్తుంది, లేకపోతే పిలుపులే వద్దు అని సమత కొట్టిపారేసింది. నేను బొట్టు నమ్మి పెట్టుకోలేదు గనక, మావారు పోయాక నమ్మి తీయనూ లేదు. ఆ విషయంలో నేనూ సమతా చెరో దారిన వచ్చి ఒకే చోట కలిశాం.

ఒక ఒప్పుకోలు చేతికొచ్చింది. గొడుగు అక్కడే మరిచిపోయాను.

సఖినేటిపల్లి రేవు

రాజోలు దాటి సఖినేటిపల్లి చేరితే ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతల నర్సాపురం. కారుతో సహా పంటు ఎక్కాలి. రెండు పడవలను కలిపి పైన బల్లలు పరిచిన దాన్ని ఇక్కడ పంటు అంటారు. మా కారు పక్కన నాలుగు మోటారు సైకిళ్లు, ఎండుచేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్లు, ఒక దూడ.

నది మధ్యలో సమత ఫోటో తీస్తానంది. భరిణె చేతిలో పెట్టుకుని నిలబడు మామ్మా, పిలుపుల పెద్దలా ఉంటావు అంది. నిలబడ్డాను. మూత తీస్తే ఇంకా బాగుంటుందంది. తీశాను. అప్పుడు దూడ నా మోచేతిని నాకింది.

భరిణె బల్ల మీద ఒకసారి ఎగిరి నీళ్లలో పడింది. మూత నా ఎడమచేతిలో మిగిలింది. నీటి మీద చారెడు మేర ఎర్రగా అయి, పంటు కదిలేలోగా అదీ చెదిరిపోయింది. అమ్మ వాడిన వస్తువుల్లో నా దగ్గరున్నది అదొక్కటే.

తాడు పట్టుకున్న పంటు మనిషి అంతా చూశాడు.

"బాధపడకండి మామ్మగారూ. గోదారమ్మకి బొట్టు పెట్టి పిలిచేశారు, అంతేనండి. పెళ్లెప్పుడండీ?"

సమత ఏడుపు గొంతుతో చెప్పింది.

"అయితే వంటోళ్లకి ముందే చెప్పుకోండమ్మా. వస్తే మామూలుగా రాదండి, వరదొస్తదండి."

చేపల బుట్టల ఆడవాళ్లలో పెద్దావిడ అతన్ని కసిరింది. "నోర్ముయ్యరా, శుభమా అని పిలుపులకెళ్తుంటే. ఎవరికి రాసిపెట్టింది వాళ్లకే పోద్దిలేమ్మా. మా ఆయన పడవెక్కేటప్పుడు కొబ్బరికాయ కొట్టందే గంగమ్మని దాటడు. మా వోడు జీపీయెస్ చూసుకుని ఎల్లిపోతాడు. ఇద్దరికీ చేపలు ఒక్కలాగే పడతన్నాయి."

"మరి మీరెవరి పక్షమండీ?" అన్నాను.

"నేనమ్ముకునేదాన్ని కదండీ. పడ్డ చేపల పక్షం."

అవతలి రేవులో దిగాక ఆవిడ దగ్గర రెండు వందలకు ఎండు మెత్తళ్లు కొన్నాను. అంత తినేవాళ్లు ఇంట్లో లేరు. కొనాలనిపించింది.

నర్సాపురం

ఎస్తేరు రిటైరైన హెడ్మాస్టరమ్మ. తండ్రి లూథరన్ సంఘంలో ఉపదేశి. ఇరవై రెండో ఏట ఆయనతో వాదించి చర్చి మానేసి మా సంఘంలో చేరింది. తరవాత ఒక అమ్మాయిని పెంచుకుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఆ ఊరి ఆడవాళ్లందరికీ వచ్చినట్టే, చూడకుండా లేసు అల్లుతోంది. మాకు గులాబీ పువ్వులు పెట్టింది, అంటే పూలు కాదు, అచ్చుతో నూనెలో వేసే తీపి పిండివంట. మా వైపు అంత పలచగా ఎవరూ వేయలేరు.

"నేను మళ్లీ చర్చికెళ్తున్నాను, తెలుసా?" అంది నాకేసి చూడకుండా.

"ఎప్పట్నుంచి?"

"హార్మోనియం వాయించేవాడు పోయినప్పట్నుంచి. వేరే ఎవరికీ రాదు. నాకు పాటలొచ్చు, దేవుడి సంగతి తెలీదు. పాస్టరుగారు కూడా అడగలేదు, పాపం, ఆయనకి హార్మోనియం అవసరం."

పెంచిన కూతురు ఆ చిన్న చర్చి చాలక, డ్రమ్ములూ లైట్లూ ఉన్న పెద్ద ప్రార్థన మందిరానికి వెళుతుంది. కూతురి కూతురికి పదిహేడేళ్లు, దేవుడు లేడని ఇంటి మధ్యలో నిలబడి ఉపన్యాసాలిస్తోంది. మేం వెళ్లేసరికి అదే జరుగుతోంది.

"మా నాన్న నన్ను చూసి ఏడ్చినట్టే మా అమ్మాయి దాన్ని చూసి ఏడుస్తోంది. ఆ పిల్ల మాట్లాడుతుంటే అన్నీ నా డైలాగులే. నేను మధ్యలో కూర్చుని లేసు అల్లుకుంటున్నాను."

"నీ పక్షమే కదా, సంతోషం లేదూ?"

"ఉంది. కానీ ఆదివారం పొద్దున్న నన్ను చర్చి దాకా స్కూటీ మీద దింపేది అదే. గేటు బయట నిలబడి పాట అయ్యేదాకా వింటుంది. ఏమంటావు దాన్ని?"

ఒప్పుకుంటావా అని అడిగితే, పూర్తిగా వినకుండానే ఒప్పుకుంది. చిక్కు బొట్టు దగ్గర వచ్చింది. కుంకుమ లేదు. సమత సంచి వెతికి, తన స్టిక్కర్ల అట్ట తీసింది.

"నాకెందుకమ్మా అది?" అంది ఎస్తేరు.

"మరి పిలిచినట్టు ఎలా అవుతుంది అమ్మమ్మగారూ?"

"చెయ్యి పట్టుకుని రమ్మను. అవుతుంది."

సమత చెయ్యి పట్టుకుంది. అయింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. రెండు ఒప్పుకోళ్లు.

మొగల్తూరు

మర్నాడు బుధవారం పొద్దున్నే మొగల్తూరు. మాష్టారు మా సంఘానికి కార్యదర్శి, మూడు దండల పెళ్లిళ్లకూ పెద్ద, అందులో ఒకటి ఆయనదే. ఎనభై నాలుగేళ్లు. భార్య రాజ్యం నాకు చిన్నప్పటి నేస్తం, రాజమండ్రిలో మాదీ వాళ్లదీ ఒకటే గోడ. ఇప్పుడు వాళ్ల మనవడు ఊరి చివర రొయ్యల చెరువులు చేస్తున్నాడు. చెరువుల్లో గాలి చక్రాలు రాత్రీ పగలూ నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. జనరేటరు షెడ్డులో ఆంజనేయస్వామి పటం.

మేం వెళ్లేసరికి తాతా మనవడూ దాని గురించే తగువులో ఉన్నారు.

"రొయ్యకి గాలిచ్చేది ఏరేటరా, ఆయనా?"

"ఇద్దరూనండి తాతయ్యా. కరెంటు పోతే మాత్రం ఆయనొక్కడేనండి."

కుశలప్రశ్నలయ్యాక నేను శుభలేఖ మాష్టారి చేతిలో పెట్టి విషయం చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని కార్డంతా చదివారు. ముహూర్తం దగ్గర ఆగారు.

"మాష్టారూ, సత్యవతి ఒప్పుకుంది. ఎస్తేరు ఒప్పుకుంది. మీరిద్దరూ సరేనంటే నేను పీటల దగ్గరుంటాను."

"నేను సరేననను విమలా."

"మనవరాలండీ."

"నీ చెల్లెలు కాదా? దాని పెళ్లికి వెళ్లలేదే. అప్పుడు తప్పనిది ఇప్పుడు తప్పితే, అప్పుడెందుకు మానినట్టు? పద్మకి నువ్వేం జవాబు చెప్తావు?"

యాభై రెండేళ్లుగా నన్ను నేను అడగకుండా దాటేసిన ప్రశ్న అది. సమత లేచి వెళ్లి గుమ్మంలో నిలబడింది. వెనక్కి తిరగలేదు గాని, చున్నీతో కళ్లు తుడుచుకోవడం కనపడింది.

మాట మార్చడానికి నేను ఏదో ఒకటి అనాలి. "అందరం టైము పట్టించుకున్నవాళ్లమే. నా పెళ్లికి ఒక్క పూలతను తప్ప. నలభై రెండు నిమిషాలు!" అన్నాను.

వంటింటి గడప దగ్గర రొయ్యలు ఒలుస్తున్న రాజ్యం చేతులు ఆగిపోయాయి.

"పూలతను లేటవలేదే," అంది.

"నీకెలా తెలుసు?"

"అతన్ని పదింటికి ముందే మీ అమ్మ వీధి చివర ఆపింది. పదీ నలభై దాటేదాకా కదలొద్దంది. నేను పక్కనే ఉన్నాను. పంచాంగంలో నీ లగ్నం అప్పటికి గాని రాదు."

మాష్టారే ముందు తేరుకున్నారు.

"సరే, అదొక్కటీ పెద్దవాళ్ల చాదస్తం అనుకుందాం. మిగతా రెండు పెళ్లిళ్లూ..."

"మనది గుర్తుందాండీ? మైకు పనిచెయ్యలేదని గంట సేపు కూర్చున్నాం. మైకువాడికి మా అమ్మ రెండు రూపాయలిచ్చింది. నేను కళ్లారా చూశాను. సత్యవతి పెళ్లికి ముఖ్య అతిథి గారి రిక్షా ఊరంతా తిరిగి వచ్చింది. అది వాళ్లమ్మ పని."

"అంటే నేను చేసిన పెళ్లిళ్లన్నీ..."

"సుముహూర్తానికే చేశారండీ. ఒక్కటీ తప్పలేదు."

నా బుర్రలో ఇంకో లెక్క తిరగడం మొదలుపెట్టింది. మా పెళ్లికి హాలు ఖాళీ లేదని అమ్మ నాలుగు నెలలు వాయిదా వేయించింది. ఆదివారమే కావాలి, పగలే కావాలి, మంచి లగ్నమూ కావాలి. పాపం, ఎన్ని పంచాంగాలు తిరగేసిందో.

సమత అప్పటికే ఫోనులో పంచాంగం తెరిచి గుమ్మంలో కూర్చుంది. నా పెళ్లి తేదీ దానికి తెలుసు.

"నిజమే మామ్మా. ఆ రోజు ఆ లగ్నం పదీ నలభైకి మొదలు. తాతమ్మ రెండు నిమిషాలు సేఫ్టీకి పెట్టుకున్నట్టుంది."

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదే?" అని రాజ్యాన్ని అడిగాను.

"మైకువాడికి డబ్బులిస్తుండగా చూశానని మా అమ్మ నా చేత ఒట్టేయించుకుంది. నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. కానీ అమ్మకిచ్చిన మాట కదా. నేను పోయాక చెప్పుకోవే అంది. పోయి ముప్పై ఏళ్లయింది, సందర్భం రాలేదు."

మాష్టారు నుదురు పట్టుకుని, "నా ఇంట్లోనే!" అన్నారు.

రాజ్యం రొయ్యల గిన్నె పక్కకు జరిపి నా దగ్గరికొచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది.

"పద్మ పెళ్లి రోజు నువ్వు రానని తలుపేసుకున్నావు చూడు. మీ అమ్మ నీకు చెప్పేద్దామని నాలుగిళ్లూ నడిచి మీ గుమ్మం దాకా వచ్చింది. మా పుట్టింటి గుమ్మంలోంచి చూసి నేనూ వెంట వచ్చాను. అక్కడ ఆగిపోయింది. 'చెప్తే వస్తుందేమో రాజ్యం. కానీ దాని పెళ్లి దానికి పాడైపోతుంది' అంది. తిరిగి వెళ్లి విస్తరి కట్టింది."

సమత వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, భరిణె మూత నా చేతిలోంచి తీసుకుని చూస్తూ ఉంది. పొద్దున్నుంచీ అది నా గుప్పిట్లోనే ఉన్నట్టు నాకే తెలియదు.

భోజనాలు రెండింటికయ్యాయి. రొయ్యల ఇగురు, పప్పుచారు. మాష్టారు సగం భోజనంలో తల ఎత్తారు.

"విమలా, నేను ఒప్పుకోను."

"ఏవండీ!" అంది రాజ్యం.

"ఒప్పుకోవడానికి అక్కడేముంది? మనం ప్రతిజ్ఞ చేసే నాటికే మూడూ ముహూర్తం పెళ్లిళ్లు. మొదటి అంకె తప్పయితే కింద కూడిక కూడా తప్పే, ట్రెజరీ దానివి, నీకు నేను చెప్పాలా? లేని ప్రతిజ్ఞకి అనుమతి ఎలా ఇస్తాను?"

"అయితే వస్తారా తాతయ్యగారూ?" అంది సమత.

"వస్తాను. అక్షింతలు వెయ్యను. పూలు వేస్తాను."

"పూలే వెయ్యండి."

"మూడింటికా? తెల్లవారుజామునా? మా అత్తగార్లే నయం, పగలే చూసి పెట్టారు. పంచాంగంలో వాళ్లకున్న ప్రజ్ఞ మీ పురోహితుడికి లేదమ్మా."

సమత రాజ్యానికి స్టిక్కరు బొట్టు పెట్టింది. ఈసారి నేను పెట్టలేదు. మాష్టారు తన నుదురు కూడా ముందుకు చాపారు, వెటకారానికే అనుకుంటాను. సమత ఆయనకూ ఒకటి అంటించింది. మేం కారెక్కే దాకా ఆయన దాన్ని తీయలేదు, మరిచిపోయారో ఏమో నేను అడగలేదు.

తిరుగు దారి

పాలకొల్లు మీదుగా తిరిగి వచ్చాం. కడియంలో కారు ఆపించి ఆ దండలాయన కొట్టుకు వెళ్లాను. మీ తాతగారి మీద మోపిన నేరం కొట్టేశాను అని చెప్పాను. అతనికేమీ అర్థం కాలేదు, అయినా మూర మల్లెపూలు ఊరికే ఇచ్చాడు. రాత్రి ఇల్లు చేరాక పద్మకు ఫోను చేశాను. అరగంట మాట్లాడుకున్నాం. చివర్లో, "అక్కా, నా పెళ్లికి మైకు బానే పనిచేసింది, నీకు వినపడిందా?" అంది. వినపడింది అన్నాను.

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది. మూడు గంటల పద్నాలుగు నిమిషాలకు నేను పీటల దగ్గర ఉంటాను. నమ్మకం రాలేదు. ఏ నిమిషంలో చూడాలో మాత్రం తెలుసు.

ఈ ప్రయాణంలో పోయినవి ఇవి. గొడుగు ఒకటి, సత్యవతి తెస్తానంది గనక సగమే పోయినట్టు. ఎండు మెత్తళ్లు అరకిలో, కోడలు వాసన భరించలేక పక్కింటికి ఇచ్చేసింది. పూలతని మీద ఫిర్యాదు ఒకటి. ప్రతిజ్ఞ ఒకటి. మా అమ్మ వెండి భరిణె, మూత మినహా. ప్రతిజ్ఞ లెక్కలో వెళ్లకుండా పోగొట్టుకున్న పెళ్లిళ్లు ఇరవై తొమ్మిది. వాటిలో ఇరవై ఎనిమిదింటికి పెద్దగా బాధ లేదు.